యమహా టీఆర్‌బీఎక్స్ 174 బేస్ గిటార్: హైదరాబాద్ ఎండకీ వానకీ ఫంక్షన్ హాళ్లకీ తట్టుకుంటుందా?

మొదటి బేస్ గిటార్ కొనేవాళ్లకీ, ఆర్కెస్ట్రాలో, చర్చి బృందంలో వారం వారం వాయించేవాళ్లకీ యమహా టీఆర్‌బీఎక్స్ 174ని ధైర్యంగా కొనమని చెప్పొచ్చు. కాకపోతే ఒక షరతు ఉంది. పెట్టెలోంచి తీసి నేరుగా స్టేజీ ఎక్కించే వస్తువు కాదిది. ఈ తరగతిలో దొరికే ఏ బేస్ అయినా అంతే. కొత్త తీగల సెట్టు, ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసిన సెటప్ (నెక్ వంపు, తీగల ఎత్తు సర్దడం), ఒక యాక్టివ్ డీఐ బాక్స్ (బేస్‌కీ మిక్సర్‌కీ మధ్య పెట్టే చిన్న పెట్టె), ఈ మూడింటికీ డబ్బు పక్కన పెట్టుకున్నాకే బేస్ బేరం ఆడండి. ఉన్నదంతా వాద్యం మీదే పెట్టేసి, ఆ తర్వాత ‘దీంట్లో బేస్ రావట్లేదు’ అనుకునేవాళ్లే ఎక్కువ.

ముందు వాద్యం సంగతి. స్కేల్ 34 అంగుళాలు, అంటే నట్ (నెక్ కొసన తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు బిగించే చోటు) దాకా తీగ మోగే పొడవు సుమారు 864 మి.మీ. బోల్టులతో బిగించిన మేపుల్ నెక్, 24 ఫ్రెట్లు (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు), నాలుగు తీగలు. తీగ కదలికని సిగ్నల్‌గా మార్చే పికప్‌లు రెండు: నెక్ వైపు రెండు ముక్కలుగా ఉండే పీ పికప్, బ్రిడ్జ్ వైపు సన్నటి జే పికప్. ఫెండర్ కంపెనీ 1951లో ప్రెసిషన్ బేస్‌నీ, 1960లో జాజ్ బేస్‌నీ తెచ్చింది. ప్రెసిషన్‌కి ఈ రెండు ముక్కల పికప్ వచ్చింది 1957లో. ఆ రెండు వాద్యాల్లోంచి ఒక్కో పికప్ తీసుకుని ఒకే ఒంటి మీద పెట్టిన అమరికనే పీజే అంటారు. ఇందులో నాబ్‌లు మూడే: రెండు పికప్‌లకి రెండు వాల్యూమ్‌లు, ఇద్దరికీ కలిపి ఒక టోన్.

సర్క్యూట్ పూర్తిగా ప్యాసివ్, బ్యాటరీ లేదు. దీని అన్నయ్య టీఆర్‌బీఎక్స్ 304లో యాక్టివ్ ఈక్యూ (బ్యాటరీతో నడుస్తూ కింది, పై స్వరాల్ని పెంచి తగ్గించేది), ఐదు రకాల శబ్దాలు మార్చే స్విచ్ ఉంటాయి. అది ఆకర్షణే. అయినా నేర్చుకునే దశలో 174కే నా ఓటు. ప్రోగ్రాం మధ్యలో బ్యాటరీ చచ్చిపోయే భయం ఉండదు. శబ్దం మారాలంటే వేళ్లు కొట్టే చోటు మారాలన్న సంగతి చేతికి త్వరగా ఒంటబడుతుంది.

పీ పికప్ ఒక్కటే పూర్తిగా తెరిచి, టోన్ సగానికి తగ్గిస్తే గుండ్రటి, బరువైన మోత వస్తుంది. ప్యాడ్స్, ఢోలక్, రెండు కీబోర్డులు కలిసి మోగే చోట వినబడేది అదే. జే పికప్ ఒక్కదానికే వెళితే శబ్దం బిగుసుకుని, వేలి గీత కూడా వినబడేంత స్పష్టంగా ఉంటుంది, కానీ కింది బరువు పోతుంది. రోజువారీ పనికి పీ నిండా, జే ముప్పాతిక. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. జాజ్ బేస్‌లో రెండు వాల్యూమ్‌లూ నిండా తెరిస్తే గుయ్యిమనే హమ్ పోతుంది, ఎందుకంటే ఆ రెండు కాయిల్స్ ఒకదాని హమ్‌ని ఇంకోటి కొట్టేస్తాయి. పీజేలో అలా జరగదు. పీ పికప్ రెండు ముక్కలూ తమలో తామే హమ్‌ని రద్దు చేసుకున్నాయి, ఒంటి కాయిల్ జేకి జోడీ లేదు. కాబట్టి జే ఎంత తెరిస్తే అంత హమ్. మన 50 హెర్ట్జ్ కరెంటు, దాని రెట్టింపు 100 హెర్ట్జ్, రెండూ బేస్ మోగే పరిధిలోనే పడతాయి. ఎల్ఈడీ లైట్ల డిమ్మర్లు, జనరేటర్ పక్కన స్టేజీ ఉన్నప్పుడు జే సగానికి దించేయడమే మందు.

24 ఫ్రెట్లంటే జీ తీగ మీద పై జీ, 392 హెర్ట్జ్ దాకా అందుతుంది. పల్లవికీ చరణానికీ మధ్య చిన్న బిట్ వాయించాలనుకునేవాళ్లకి ఇది వరం. దానికి మూల్యం కూడా ఉంది. 20 ఫ్రెట్ల బేస్‌తో పోలిస్తే ఫింగర్‌బోర్డు చివరకీ పికప్‌కీ మధ్య జాగా తగ్గుతుంది, బొటనవేలితో స్లాప్ చేసేవాళ్లకి చెయ్యి ఇరుకవుతుంది.

ఇక శ్రుతి. ఇది నాలుగు తీగల బేసే, అన్నిటికన్నా కింద మోగేది ఖాళీ ‘ఈ’ (E) తీగ, సుమారు 41 హెర్ట్జ్. గాయకుడు ‘రెండు’ అన్నాడంటే డీ, ‘ఒకటిన్నర’ అన్నాడంటే సీ షార్ప్, ‘ఒకటి’ అంటే సీ. ఈ షడ్జాలన్నీ ‘ఏ’ (A) తీగ మీద మూడు, నాలుగు, ఐదో ఫ్రెట్లలో దొరుకుతాయి, పాట నడిచిపోతుంది. కానీ కీబోర్డు వాయించేవాళ్ల ఎడమచెయ్యి ఇంకో స్థాయి కిందికి దిగితే మీ బేస్ దాని పైన తేలినట్టు ఉంటుంది. రెండు శ్రుతికి ‘ఈ’ (E) తీగని డీ దాకా, సుమారు 36.7 హెర్ట్జ్‌కి దించుకోవచ్చు. అంతకన్నా కిందికి దించితే తీగ వదులై ఫ్రెట్లకి తగులుతూ కొట్టుకుంటుంది. ప్రోగ్రాముల్లో సగం పాటలు ఒకటి, ఒకటిన్నరల్లో పడే బృందమైతే మొదటినుంచే ఐదు తీగల టీఆర్‌బీఎక్స్ 305 వైపు చూడండి.

షాపులో చూడాల్సినవి

యాంప్‌కి తగిలించకముందే ప్రతి తీగనీ ప్రతి ఫ్రెట్ మీదా ఒక్కో స్వరం వాయించి చూడండి. ఒక్క చోటే బజ్ (తీగ ఫ్రెట్‌కి తగిలే జుయ్‌మనే మోత) వస్తే ఆ ముందున్న ఫ్రెట్ లేచి ఉంది, అది సెటప్‌తో పోదు, వేరే పీస్ అడగాలి. జీ తీగ మీద ఐదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్య ఏదైనా స్వరం మిగతావాటికన్నా త్వరగా ఆరిపోతోందేమో వినండి. బోల్టు నెక్ బేస్‌లలో డెడ్ స్పాట్ ఎక్కువగా అక్కడే ఉంటుంది. కొద్దిగా ఉంటే సర్దుకోవచ్చు, సగానికి సగం ఆరిపోతే వద్దు. బొటనవేలిని నెక్ అంచుల వెంట నడిపించండి, ఫ్రెట్ల కొసలు గీసుకోకూడదు. మూడో ఫ్రెట్ దగ్గర తీగని నొక్కి, మొదటి ఫ్రెట్ పైన ఖాళీ చూడండి. కాగితం దూరేంత ఉంటే చాలు. ఒక మిల్లీమీటరు కనబడితే నట్ గాడి ఎత్తుగా ఉందని అర్థం, మొదటి మూడు ఫ్రెట్లలో స్వరాలు పైకి పోతాయి, వేళ్లు నొప్పెడతాయి. నట్ గాడి కొయ్యడం మాత్రం చేయి తిరిగిన వాళ్లకే వదలండి, ఎక్కువ కోస్తే నట్ మార్చడమే.

సెటప్: వరస తప్పితే మళ్లీ మొదటికి

తీగలు, నెక్ వంపు, ఎత్తు, ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్ మీదా స్వరం శ్రుతిలో పలకడం), పికప్ ఎత్తు. ఈ వరసలోనే చెయ్యాలి. ఒక్కో మెట్టు దాని తర్వాతి కొలతని మార్చేస్తుంది కాబట్టి వెనకనుంచి మొదలుపెడితే ఫలితం నిలవదు.

షాపు గోడ మీద నెలల తరబడి వేలాడిన తీగలతో సెటప్ చేయించడం దండగ. 45, 65, 80, 100 మందాల (అంగుళంలో వెయ్యో వంతుల్లో) నికెల్ రౌండ్‌వౌండ్ (గుండ్రటి తీగ చుట్టిన) సెట్టు ఈ బేస్‌కి బాగా నప్పుతుంది, డాడారియో ఈఎక్స్ఎల్ 170 సరిగ్గా ఈ మందాలదే. సెట్టు కొనేటప్పుడు ‘లాంగ్ స్కేల్’ అని ఉందో లేదో చూసుకోండి. తీగలన్నీ ఒకేసారి విప్పెయ్యకండి. నాలుగూ కలిసి నెక్‌ని 70 కిలోలకి పైగా లాగుతుంటాయి, ఒక్కసారిగా ఆ లాగుడు తీసేస్తే నెక్ సర్దుకోవడానికి సమయం పడుతుంది. ఒక్కొక్కటే మార్చండి. ట్యూనింగ్ పోస్టు దాటి 10-12 సెం.మీ. వదిలి, ముందు తీగని లంబకోణంలో మడిచి, మడత అవతల కొయ్యాలి. మడవకుండా కోస్తే లోపలి తీగ మీద చుట్టిన పైతీగ జారుతుంది, ఆ తీగ జీవితాంతం చచ్చినట్టే మోగుతుంది. కొసని పోస్టు మధ్యలో ఉన్న రంధ్రంలోకి దించి, చుట్లు పైనుంచి కిందికి వచ్చేలా రెండు మూడు చుట్టండి. చివరగా నట్ ముందూ, బ్రిడ్జ్ మీద తీగ ఆనే శాడిల్ ముందూ తీగని వేలితో ఒకసారి కిందికి నొక్కండి. అక్కడ తీగ విల్లులా వంగి ఉంటే ఇంటొనేషన్ ఎంత తిప్పినా కుదరదు.

శ్రుతి చేశాక నెక్ వంపు. మొదటి ఫ్రెట్‌కి కేపో (తీగల్ని నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, నెక్ బాడీలో కలిసే చోట ఫ్రెట్‌ని నొక్కి పట్టుకుని, ఏడు ఎనిమిదో ఫ్రెట్ల దగ్గర ‘ఈ’ (E) తీగ కింద ఖాళీ కొలవండి. 0.3 మి.మీ. దగ్గర ఉండాలి, గట్టిగా మీటేవాళ్లకి 0.4 కూడా మంచిదే. బైక్ మెకానిక్‌లు ట్యాపెట్‌కి వాడే ఫీలర్ గేజ్ ఇందుకు సరిపోతుంది, రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. ఖాళీ ఎక్కువుంటే నెక్ లోపలుండే కడ్డీ, ట్రస్ రాడ్‌ని గడియారం ముల్లు దిశలో బిగించాలి, తక్కువుంటే ఎదురు దిశలో వదలాలి. ఒక్కసారికి పావు తిప్పుకి మించొద్దు. మళ్లీ శ్రుతి చేసి కొలవండి, మర్నాడు ఇంకోసారి చూడండి, చెక్క నెమ్మదిగా కదులుతుంది. రెంచ్ నట్‌లో వదులుగా ఆడితే ఆగిపోండి. అంచులు అరిగిన ట్రస్ రాడ్ నట్‌ని మరమ్మతు చేయించడం కొత్త తీగల సెట్టు కన్నా చాలా ఖరీదు. పట్టుపట్టినట్టు బిగుసుకుపోయి ఉంటే బలవంతం చెయ్యకుండా టెక్నీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి.

తర్వాత ఎత్తు. 12వ ఫ్రెట్ పైనుంచి తీగ అడుగు దాకా ‘ఈ’ (E) తీగకి 2.3 నుంచి 2.5 మి.మీ., జీ తీగకి 1.8 నుంచి 2 మి.మీ. శాడిల్ స్క్రూలకి సాధారణంగా 1.5 మి.మీ. అలెన్ కీ పడుతుంది. శాడిల్ ఒక పక్కకి వాలకుండా రెండు స్క్రూలూ సమంగా తిప్పండి. ఇక్కడ బజ్ ఎక్కడొస్తోందో వింటే రోగం తెలిసిపోతుంది: మొదటి ఐదు ఫ్రెట్లలోనే వస్తే నెక్ మరీ నిటారుగా ఉంది, 12 దాటాక వస్తే ఎత్తు తక్కువైంది, అంతటా వస్తే రెండూ. యాంప్‌లో వినబడని చిన్న బజ్‌ని మాత్రం వదిలెయ్యండి. దాన్ని పూర్తిగా పోగొట్టాలని ఎత్తు పెంచుకుంటూ పోతే మూడు గంటల ప్రోగ్రాంలో ఎడమచెయ్యి పట్టేస్తుంది.

ఇంటొనేషన్‌కి బేస్‌ని బల్ల మీద పడుకోబెట్టకుండా వాయించే భంగిమలో పట్టుకోండి. 12వ ఫ్రెట్ హార్మోనిక్‌నీ (ఫ్రెట్ పైన తీగని నొక్కకుండా తాకి మీటే స్వరం), అదే ఫ్రెట్ నొక్కిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చండి. నొక్కిన స్వరం పైకి పోతే శాడిల్‌ని వెనక్కి, నట్‌కి దూరంగా జరపాలి. కిందికి పోతే ముందుకి. ప్రతి కదలిక తర్వాతా తీగని మళ్లీ శ్రుతి చెయ్యండి. ఖాళీ ‘ఈ’ (E) తీగకి క్లిప్ ట్యూనర్లు తడబడతాయి, 12వ ఫ్రెట్ హార్మోనిక్ ఇస్తే వెంటనే పట్టుకుంటాయి.

చివర్లో పికప్‌లు. ఆఖరి ఫ్రెట్ నొక్కి, తీగకీ పికప్‌కీ మధ్య ‘ఈ’ (E) తీగ వైపు 2.5-3 మి.మీ., జీ వైపు 2 మి.మీ. ఉంచండి. బ్రిడ్జ్ దగ్గర తీగ తక్కువ ఊగుతుంది కాబట్టి జే పికప్ సహజంగానే బలహీనం, దాన్ని కొంచెం పైకి తెచ్చి, పీని కొంచెం దించితే రెండూ సమానమవుతాయి. కొత్త బేస్‌లో అందరూ మరిచిపోయే సర్దుబాటు ఇదే, శబ్దంలో పెద్ద మార్పు తెచ్చేదీ ఇదే. అత్యాశకి పోయి పికప్‌ని తీగకి ఆనించేంత లేపితే అయస్కాంతం తీగని లాగుతుంది, పై ఫ్రెట్లలో స్వరం వణుకుతుంది.

టెక్నీషియన్‌కి ఇస్తే ‘బాగా చెయ్యండన్నా’ అంటే చాలదు. తీగల మందం, మీరు వాడే శ్రుతి, వేళ్లతోనా పిక్‌తోనా, పైన చెప్పిన ఎత్తు కొలతలు కాగితం మీద రాసి ఇవ్వండి. మీరు వాడబోయే తీగల సెట్టే ఇవ్వండి. వేరే మందం తీగలతో చేసిన సెటప్ మీ తీగలు ఎక్కించగానే మారిపోతుంది.

హైదరాబాద్ గాలి

ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిబారి 40 డిగ్రీలు దాటుతుంది, జూన్ రెండో వారం దాటాక వానలతో తేమ ఒక్కసారిగా పెరుగుతుంది. ఈ మార్పు నెక్‌ని కదిలిస్తుంది. ఏ వైపు కదిలిందో ఊహించకుండా ఫీలర్ గేజ్‌తో కొలవండి. వేసవి మొదట్లో ఒకసారి, వానలు కుదురుకున్నాక ఒకసారి, చలికాలంలో ఒకసారి కొలిస్తే సరిపోతుంది. ఎండాకాలంలో ఫింగర్‌బోర్డు చెక్క కుంచించుకుని ఫ్రెట్ల కొసలు బయటికి పొడుచుకొస్తాయి, వానాకాలం రాగానే కొంత సర్దుకుంటాయి. అందుకే మే నెలలో కంగారుపడి ఫైల్ చేయించకండి.

ఇళ్లలో పెద్ద శత్రువు ఎయిర్ కూలర్. దాని ఎదురుగా స్టాండ్ మీద పెట్టిన బేస్ రోజంతా తడిగాలి పీల్చి, రాత్రి ఎండిపోతుంది. తీగలు, బ్రిడ్జ్ స్క్రూలు వారాల్లో తుప్పు పడతాయి. గోడకి తగిలించడం కన్నా బ్యాగులో, రెండు మూడు సిలికా జెల్ పొట్లాలతో ఉంచడం మేలు. మే నెల మధ్యాహ్నం కారు డిక్కీలో అస్సలు వదలకండి. ఫింగర్‌బోర్డు పైపూత లేని చెక్క, ఏడాదికి రెండుసార్లు తీగలు మార్చేటప్పుడు నాలుగైదు చుక్కల లెమన్ ఆయిల్ గుడ్డ మీద వేసి రుద్ది, పది నిమిషాలకి తుడిచెయ్యండి. కొబ్బరినూనె వద్దు, చెక్కలో ఉండిపోయి జిడ్డవుతుంది. ఏసీ లేని హాల్లో వాయించాక తీగల కింద కూడా పొడి నూలుగుడ్డ పోనిచ్చి చెమట తుడవడం తీగల ఆయుష్షుని పెంచే అతి చవకైన పని.

స్టేజీ మీద

ఫంక్షన్ హాళ్లలో, వినాయక చవితి మండపాల్లో బేస్‌కి విడిగా యాంప్ ఉండటం అరుదు. మైక్ సెట్టు అతను ఒక వైరు చేతికిచ్చి మిక్సర్‌లో గుచ్చమంటాడు. ప్యాసివ్ బేస్‌ని నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో పెడితే శబ్దం పలచగా, మూగగా వస్తుంది. లోపం బేస్‌ది కాదు, పికప్ 10 లక్షల ఓమ్‌ల ఇన్‌పుట్‌ని కోరుకుంటుంది, మిక్సర్ లైన్ ఇన్‌పుట్ 10 వేల ఓమ్‌ల దగ్గర ఉంటుంది. మధ్యలో యాక్టివ్ డీఐ బాక్స్ పెడితే ఆ సమస్య పోతుంది. బెరింగర్ డీఐ 100 లాంటిది బ్యాటరీతోనూ, మిక్సర్ ఇచ్చే 48 వోల్టుల కరెంటు, ఫాంటమ్‌తోనూ నడుస్తుంది, గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ (సిగ్నల్ కేబుల్ ఎర్త్‌ని విడదీసేది) కూడా ఉంది. ఫాంటమ్ ఇస్తారన్న నమ్మకం లేనిచోట కొత్త బ్యాటరీ వేసుకుని వెళ్లండి. బేస్ నుంచి డీఐ దాకా కేబుల్ 6 మీటర్లు మించొద్దు, ప్యాసివ్ సిగ్నల్‌కి పొడుగు కేబుల్ పై స్వరాల మెరుపుని తినేస్తుంది. డీఐ నుంచి మిక్సర్ దాకా ఎంత పొడుగైనా ఇబ్బంది లేదు.

హమ్ వస్తే ముందు తీగల మీద చెయ్యి వెయ్యండి. తగ్గితే బేస్ లోపల ఎర్తింగ్ సరిగ్గానే ఉంది, అల్లరి బయటిది. డీఐలో గ్రౌండ్ లిఫ్ట్ నొక్కి చూడండి. ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరగ్గొట్టడం, రెండు పిన్నుల అడాప్టర్ పెట్టడం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. బేస్ తీగలు ఎర్త్‌కి కలిసి ఉంటాయి, మైకు వేరే లైన్‌లో ఉండి దాని ఎర్త్ తప్పితే పెదవి తగలగానే షాక్ కొడుతుంది, ప్రాణాలు పోయే ప్రమాదం ఉంది. పాడుతూ వాయించేవాళ్లు మల్టీమీటర్‌ని ఏసీ వోల్టులకి తిప్పి, ఒక మొన బేస్ తీగకీ ఇంకోటి మైకు జాలీకీ తాకించి చూడాలి. సున్నా దగ్గర ఉండాలి. పదుల్లో వోల్టులు కనబడితే అది సరిచేసేదాకా మైకు దగ్గరికి వెళ్లకండి.

మిక్సర్ దగ్గర అడగాల్సినవి రెండు మూడే. 40 హెర్ట్జ్ కింద కోసెయ్యమనండి, మనకి అక్కర్లేని గుడగుడ అంతా అక్కడే ఉంటుంది. రేకుల షెడ్డులా ప్రతిధ్వనించే హాల్లో 200-250 హెర్ట్జ్ చుట్టూ కొంచెం తగ్గించమనండి, బురద పోతుంది. అప్పటికీ బేస్ వినబడకపోతే కింది స్వరాలు పెంచొద్దు, 700-800 హెర్ట్జ్ దగ్గర కొంచెం లేపండి. చెవి స్వరాన్ని పట్టుకునేది అక్కడ. లామకాన్ లాంటి చిన్న ఆరుబయటి చోట్ల 10 లేదా 12 అంగుళాల స్పీకరున్న 100 వాట్ల కాంబో మీ పక్కనుంటే సరిపోతుంది. రవీంద్రభారతి, శిల్పకళావేదిక స్థాయి హాళ్లకి డీఐ, మానిటర్ తప్పనిసరి.

రెండు చిన్న రోగాలు ఈ బేస్‌నీ వదలవు. మొదటిది, జాక్ నట్ వదులై కర్రుమనడం. బయటినుంచి నట్ ఒక్కదాన్నే తిప్పితే లోపలి జాక్ కూడా తిరిగి వైరు తెగుతుంది, జాక్ కదలకుండా పట్టుకుని బిగించాలి. రెండోది, నాబ్ తిప్పితే గరగర. కోఠీ గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే అడిగి, పాట్ (నాబ్ కిందుండే భాగం) లోపలికి కొద్దిగా కొట్టి, నాబ్‌ని ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పితే పోతుంది.

స్ట్రాప్ మూడు అంగుళాల వెడల్పు ఉండాలి, స్ట్రాప్ లాక్ లేకపోతే కనీసం గట్టి రబ్బరు వాషర్ వేయండి. బైక్ మీద వెళ్లేవాళ్లు వెనక్కి తగిలించుకున్న బ్యాగులో హెడ్ తల కన్నా పైకి ఉంటుందని మరవద్దు, పార్కింగ్ సెల్లార్ల ర్యాంపులూ షామియానా తాళ్లూ దానికే తగులుతాయి. వానలోంచి హాల్లోకి వచ్చాక పావుగంట బ్యాగ్ మూసే ఉంచి, తర్వాత తీసి శ్రుతి చెయ్యండి.